గుర్రపు బండ్ల జాడలో సైకిలు: లాంకస్టర్ కౌంటీలో నా అనుభవం

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకస్టర్ కౌంటీకి నేను మొదటిసారి సైకిలు తీసుకువెళ్లింది ఏప్రిల్‌లో ఒక శనివారం నాడు. ఫోనులోని మ్యాపు చూపించిన గీతను నమ్ముకుని, బర్డ్ ఇన్ హ్యాండ్ అనే ఊరి మీదుగా పోయే 340వ నంబరు రోడ్డు ఎక్కాను. ఊరి పేరు వినగానే పల్లెబాట అని ఊహించుకున్నాను గాని, అది ఫిలడెల్ఫియాకు పోయే పాత రహదారి. రోడ్డు పక్కన సైకిలుకు చాలినంత చోటు ఉన్నప్పటికీ, కార్లు లేకుండా గుర్రపు బండ్లలో తిరిగే క్రైస్తవ శాఖ అయిన ఆమిష్ వారిని చూడటానికి వచ్చిన సందర్శకుల కార్లు అడుగడుగునా దుకాణాల వైపు మలుపు తిరుగుతూ నాకు అడ్డం వచ్చాయి. దక్షిణంగా ఉన్న 30వ నంబరు రోడ్డైతే ఇంకా ఘోరం. అక్కడ పొలాల కన్నా షాపింగ్ మాళ్లే ఎక్కువ. రెండు గంటలలో 18 మైళ్లు తొక్కి, చూసిందేమీ లేకుండా, భుజాలు పట్టేసి కారు దగ్గరకు తిరిగి వచ్చాను. ఆ రోజు నుంచి అక్టోబరు చివర ఒక్క రోజులో 100 కిలోమీటర్లు తొక్కే వరకు, ఏ దారి సైకిలుకు తగినదో గుర్తుపట్టడం నేర్చుకున్న తీరును ఇక్కడ రాస్తున్నాను.

నేను ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గరి ఒక పల్లెలో పుట్టినవాణ్ణి. ప్రస్తుతం లాంకస్టర్‌కు తూర్పున పక్క కౌంటీలో, ఎక్స్‌టన్ ప్రాంతంలో కాపురం. చిన్నప్పుడు నాన్నగారి సైకిలును బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కిన తరువాత, మళ్లీ సైకిలు ముట్టుకున్నది నలభై దాటాకే. పరుగెత్తడం మానమని మోకాలు చెప్పినప్పుడు, ఒకరు వాడి అమ్మిన అల్యూమినియం రోడ్డు సైకిలు కొనుక్కున్నాను. దానికి 25 మిల్లీమీటర్ల సన్నని టైర్లు ఉండేవి. కొన్న కొత్తలో తనిఖీ కోసం ఇచ్చిన దుకాణంలో వాటిని రాయిలా బిగిసేటట్టు గాలి కొట్టి పంపారు. నున్నని రోడ్డు మీద అది బాగానే ఉంటుందేమో గాని, అతుకుల మీద అతుకులు వేసిన పల్లెరోడ్ల మీద పళ్లు కదిలిపోతాయి. తరువాత చట్రంలో పట్టినంత వరకు వెడల్పైన 32 మిల్లీమీటర్ల టైర్లు వేయించి, 60 పౌండ్ల గాలితో సరిపెట్టుకున్నాను. ఈ ఒక్క మార్పు నా మోకాలికీ నడుముకూ చేసిన మేలు మరే ఖరీదైన సామగ్రీ చేయలేదు. మరొక సంగతి, కౌంటీ పేరును నేను మొదట్లో లాంకాస్టర్ అని సాగదీసి పలికేవాణ్ణి. మొదటి అక్షరాన్ని ఒత్తి తక్కినది మింగేసినట్టు పలకాలని ఒక పెట్రోలు బంకులో పెద్దాయన నవ్వుతూ దిద్దారు.

రెండవసారి స్ట్రాస్‌బర్గ్ ఊరిలో కారు ఆపి, పక్క రోడ్లలోకి దిగాను. ఒక నాలుగు రోడ్ల కూడలిలో ఎటు పోవాలో తేల్చుకోలేక నిలబడినప్పుడు, కళ్లకు ఒక తేడా కనిపించింది. ఒక రోడ్డు తారు అంతటా ఒకే రంగులో ఉంది. రెండవ దాని మీద, కారు చక్రాలు నడిచే రెండు జాడలకు నడుమ, తెల్లగా అరిగిన ఒక పట్టీ ఉంది. దాని వెంబడి అక్కడక్కడ గుర్రపు లద్దె పడి ఉంది. తారు మీద జారకుండా ఇక్కడి గుర్రాల లాడాలకు గట్టి లోహపు బొడిపెలు వేయిస్తారు. అవి ఏళ్ల తరబడి తారును గీరి గీరి పల్లం చేస్తాయి. నేను లద్దె ఉన్న రోడ్డే పట్టుకున్నాను. ఆ తరువాత గంటన్నరలో నాకు ఎదురైన కార్లను చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆలోచిస్తే దీనిలో న్యాయం ఉంది. గుర్రపు బండి గంటకు 8 నుంచి 12 మైళ్ల వేగంతో పోతుంది. నాబోటి సైకిలువాడు మిట్ట ఎక్కేటప్పుడు పోయేదీ అంతే. బండి తోలే మనిషి లారీలు తిరిగే రోడ్డును తప్పించుకుంటాడు, గుర్రానికి ఆయాసం తెచ్చే ఏటవాలును చుట్టుతిరిగి వెళ్తాడు, పొలం నుంచి పొలానికి, బడికి, బంధువుల ఇంటికి దగ్గరి దారి ఎరిగి ఉంటాడు. సైకిలువాడికి కావలసిన దారి సరిగ్గా అదే. పైగా ఆ రోడ్ల మీద తిరిగే కార్లవాళ్లకు ముందు ఏదో ఒకటి నిదానంగా పోతూ ఉండటం అలవాటైన విషయం కనుక, మన వెనక కూడా ఓపికగా వస్తారు. సైకిలును దాటే మోటారు వాహనం కనీసం 4 అడుగుల ఎడం ఇవ్వాలని ఈ రాష్ట్రంలో 2012 నుంచి చట్టం ఉంది. ఆ చట్టాన్ని నిజంగా పాటించడం మాత్రం నేను ఎక్కువగా ఈ అరిగిన రోడ్ల మీదే చూశాను.

అయితే ఈ గుర్తును గుడ్డిగా నమ్మితే మోసం కూడా జరుగుతుంది. మే నెలలో ఒకసారి లద్దె జాడ పట్టుకుని పోయి పోయి, ఒక రైతు ఇంటి వాకిట్లో తేలాను. అక్కడితో దారి సరి. తాళ్లు లేని పెద్ద కుక్క ఒకటి నన్ను రోడ్డు దాకా సాగనంపింది. మరొకటి, ఆ అరిగిన పట్టీలో వాన వెలిస్తే లద్దెనీళ్లు నిలుస్తాయి. అందులో చక్రం పెడితే వీపు మీద పడేదేమిటో చెప్పనక్కరలేదు. పందేల సైకిళ్లవారు మడ్‌గార్డులను చిన్నచూపు చూస్తారని తెలిసినా, నేను మొహమాటపడకుండా రెండు చక్రాలకూ బిగించుకున్నాను.

గుర్రాలతో మెలగవలసిన పద్ధతి నాకు చీవాట్లతోనే అబ్బింది. గార్డన్‌విల్ దగ్గర దిగుడులో ఒక బండిని వెనక నుంచి మాట్లాడకుండా దాటబోయాను. పెడలు తొక్కడం ఆపితే వెనక చక్రం చేసే టకటక చప్పుడుకు గుర్రం చెవులు నిక్కించి పక్కకు ఒరిగింది. బండిలోని గడ్డపాయన కళ్లెం బిగించి, బండిని నిలిపి, నన్ను దగ్గరకు పిలిచారు. కేకలు వేస్తారనుకున్నాను. ఆయన మెల్లగానే, “వెనక నుంచి వచ్చేటప్పుడు ఏదో ఒక మాట అనండి. మా గుర్రానికి మనిషి గొంతు తెలుసు, మీ సైకిలు చప్పుడు తెలియదు” అన్నారు. అప్పటి నుంచి ఇరవై గజాల దూరం నుంచే గట్టిగా నమస్కారం చెప్పి, పెడలు తొక్కుతూనే, రోడ్డుకు ఆ చివరగా దాటుతున్నాను. గంట కొట్టడం కన్నా మాట మంచిది. దాటిన వెంటనే బండి ముందుకు చొరబడి వేగం తగ్గించకూడదు. గుర్రాన్ని ఆపడం బ్రేకు నొక్కినంత సులువు కాదు. ఆమిష్ వారు ఫోటోలకు ముఖం చూపడానికి ఇష్టపడరు కనుక, మనుషులు ఉన్నచోట ఫోను బయటికి తీయడం మానుకున్నాను.

తిరగగా తిరగగా బండ్లలో తేడాలు కూడా తెలిశాయి. లాంకస్టర్ ఆమిష్ వారి బండ్లకు బూడిదరంగు పైకప్పు ఉంటుంది. వారు సైకిలు తొక్కరు. సైకిలుకు ఉండేటటువంటి చక్రాలతో, మధ్యలో నిలబడే పలక ఉన్న స్కూటరును ఒక కాలితో నేలను తన్నుతూ తోసుకుపోతారు. బడిపిల్లలు వరసగా వాటి మీద పోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఉత్తరంగా న్యూ హాలండ్ దాటి, హింకిల్‌టౌన్ వైపు పోయేసరికి బండ్లు నల్లబడతాయి, స్కూటర్ల స్థానంలో సైకిళ్లు వస్తాయి. ఆ ప్రాంతంలో ఎక్కువగా ఉన్నది ఆమిష్ వారికి దగ్గరి మరో క్రైస్తవ శాఖ, పాత సంప్రదాయపు మెనోనైట్లు. వారికి కారు నిషిద్ధం గాని సైకిలు కాదు. పొలాల్లో ట్రాక్టరు వాడతారు, కాని దానికి రబ్బరు టైర్లు ఉండవు, ఇనుప చక్రాలే. జూన్‌లో ఒక ఉదయం, చీలమండల దాకా గౌను, తల మీద టోపీ, సైకిలు ముందు బుట్టలో సామాను ఉన్న నడివయసు ఆవిడ ఒకరు మిట్ట మీద నన్ను దాటి వెళ్లారు. ఒంటికి అతుక్కునే బట్టలు, కార్బన్ అడుగు బూట్లు, గుండె వేగం చూపించే గడియారం వేసుకున్న నేను ఆయాసపడుతూ శుభోదయం చెబితే, ఆవిడ ఆయాసం లేకుండా బదులు చెప్పారు.

కౌంటీ మధ్యభాగమంతా సున్నపురాయి నేల. కొనెస్టోగా, పెక్వే వాగుల పరీవాహకంలో ఉన్న ఈ మైదానం లోతైన మంచి మన్ను గలది. వర్షాధారంగానే పంట తీస్తారు. మైదానం అన్నాను గాని, మన డెల్టాలాగా బల్లపరుపు కాదు; దుప్పటి దులిపినట్టు అలలు అలలుగా ఉంటుంది. ఒక మిట్ట దిగిన వేగం తరువాతి మిట్టకు సగం వరకు మోస్తుంది, తక్కిన సగం కాళ్లు మోయాలి. ప్రతి మిట్ట మీదా ఒకేలాంటి దృశ్యం, కాని విసుగు రాదు: తెల్లని ఇల్లు, దాని వెనక ధాన్యపు కొట్టం, పక్కన పశుగ్రాసం పాతరవేసే పొడవాటి గోపురాలు, గాలిమర, నాలుగైదు కంచరగాడిదలు. విద్యుత్ స్తంభాల నుంచి ఇంటికి తీగ లేకపోతే అది ఆమిష్ వారి ఇల్లని గుర్తు. మే నెల చివరి సోమవారం నాకు సెలవు, వారికి చాకిరేవు. ఇంటి వసారా నుంచి కొట్టం నెత్తిమీది కప్పీ దాకా కట్టిన తాడు మీద ఊదా, ఆకుపచ్చ, నీలం రంగుల చొక్కాలు, గౌన్లు, నల్లని పంట్లాములు పొడవు వరుసలో ఆరుతూ ఊరంతా కనిపించాయి.

వాసనల సంగతి చెప్పకపోతే నిజం చెప్పినట్టు కాదు. మార్చి, ఏప్రిల్‌లలో పొలాల మీద పేడనీళ్లు చల్లుతారు. ఎదురుగాలిలో ఆయాసపడుతూ తొక్కేటప్పుడు ఆ గాలే నోటితో పీల్చాలి. మే నెలలో లూసర్న్ గడ్డి మొదటి కోత పడినప్పటి తీపి వాసన దానికి ప్రాయశ్చిత్తం. జూలై వచ్చేసరికి మొక్కజొన్న మనిషిని మించి లేస్తుంది. అప్పుడు రోడ్డు రెండు పచ్చని గోడల మధ్య సందుగా మారిపోయి, కూడలిలో పక్క నుంచి వచ్చేది కనపడదు. ఏప్రిల్‌లో ఆగకుండా పోయిన కూడళ్లన్నిటిలోనూ జూలైలో కాలు కింద పెట్టి చెవి ఒగ్గి విన్నాను. గాలి సాధారణంగా పడమటి నుంచే వీస్తుంది. పోయేటప్పుడు పడమటికి పోయి, అలసిన తరువాత తూర్పుకు తిరిగి రావడం మేలని రెండుసార్లు ఏడ్చిన మీదట గ్రహించాను.

కప్పు ఉన్న చెక్క వంతెనల కోసం ఒక వారం ప్రత్యేకంగా కేటాయించాను. ఈ కౌంటీలో అవి రెండు డజన్లకు పైగా మిగిలి ఉన్నాయి. ఒడ్డున నిలబడి చూస్తే వాగు మీద ఎవరో ఎర్రని కొట్టం కట్టి రెండు వైపులా తలుపులు తీసేసినట్టు ఉంటుంది. కప్పు ఉన్నది మనుషులు తడవకుండా అనుకునేవాణ్ణి. బరువు మోసే దూలాలు తడిసి కుళ్లిపోకుండా ఉండటానికే ఆ కప్పు. వాన తగలని చెక్క నూరేళ్లు దాటి నిలుస్తుంది. లోపల ఆగి చూస్తే, నిలువు గుంజలూ ఏటవాలు దూలాలూ ఉన్న చట్రానికి రెండు వైపులా వంపు తిరిగిన పెద్ద కమాను తాపడం చేసి ఉంటుంది. థియొడోర్ బర్ 1817లో పేటెంటు పొందిన ఈ పద్ధతినే ఇక్కడ ఎక్కువ వంతెనలకు వాడారు. కొనెస్టోగా మీద ఉన్న హన్‌సెకర్స్ మిల్ వంతెన ఒక్క అంగలో 180 అడుగులు సాగుతుంది. 1972లో ఆగ్నెస్ తుపాను వరదకు అది కొట్టుకుపోగా, పాత పద్ధతిలోనే మళ్లీ కట్టారు. అక్కడికి దగ్గరలోని పైన్‌టౌన్ వంతెనదీ అదే కథ.

సైకిలువాడికి ఈ వంతెనలతో రెండు చిక్కులున్నాయి. ఎండలో నుంచి ఒక్కసారి చీకటిలోకి వెళ్లేసరికి కళ్లు బైర్లు కమ్మి, నేల మీది పలకల సందు కనపడదు. నల్లకళ్లద్దాలు ముందే తీసి, వెనక దీపం వెలిగించి, తిన్నగా పోవాలి. తడి ఉంటే ఆ పలకలు సబ్బులా జారుతాయి కనుక, వాన రోజు నేను దిగి నడిపించుకుని పోయాను. రెండవ చిక్కు ఏ బొమ్మలోనూ కనపడనిది. వంతెన ఉండేది వాగు మీద, వాగు ఉండేది పల్లంలో. కనుక ప్రతి వంతెనకూ ఒక ఎత్తు కట్టుబడి ఉంది. మొదటి రోజు హుషారుగా అయిదు వంతెనలను ఒకే చుట్టులో కూర్చి, నాలుగవ దాని తరువాతి ఎత్తులో సైకిలు దిగి నడిచాను. తరువాత ముందు చిన్న పళ్లచక్రం 34, వెనక పెద్దది 32 పళ్లు ఉండేటట్టు మార్పించుకున్నాను.

దక్షిణ భాగం పూర్తిగా వేరే లోకం. సున్నపురాయి మైదానం అయిపోయి, సస్క్వెహానా నది వైపు గట్టి రాతి కొండలు మొదలవుతాయి. వాగులు ఆ కొండలను లోతుగా కోసుకుని నదిలో కలుస్తాయి. రోడ్డు మాత్రం వాగుల దారి పట్టక, ఒక్కొక్క లోయలోకి దిగి మళ్లీ నిట్టనిలువుగా పైకి లేస్తుంది. 10 శాతం దాటిన వాలు ఇక్కడ మామూలు. హోల్ట్‌వుడ్ దగ్గరి పినకిల్ అనే కొండకొమ్ము మీద నుంచి చూసిన నది నాకు ఈ కౌంటీ మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన దృశ్యం. 1910లో పూర్తయిన ఆనకట్ట వల్ల నీరు నిలిచి, రెండు వైపులా అడవి కొండలతో, వెడల్పుగా, చప్పుడు లేకుండా కిందెక్కడో ఉంటుంది. పాపికొండల దగ్గరి గోదావరిని చూసినవారికి ఆ నిశ్శబ్దం కొత్తగా ఉండదు.

ఆ కొండ చేరడానికి నేను ఆగస్టులో ఒక ఆదివారం ఎంచుకోవడం తెలివితక్కువ పని. అప్పటికి శనివారాలు తిరగడం అలవాటై, దారిలో రైతుల ఇళ్ల ముందు బల్లల మీద పెట్టే సామానుతోనే కడుపు నింపుకునేవాణ్ణి. ఇంట్లో కాచిన రూట్ బీరు అనే తీపి పానీయం, నడుమ క్రీము పెట్టిన వూపీ పైలు అనే కేకులు, పుచ్చకాయలు, పక్కన డబ్బులు వేయడానికి ఒక పెట్టె. అమ్మేవారు కూడా ఉండరు. ఆదివారం నాడు ఆ బల్లలన్నీ ఖాళీ. ఆదివారం అమ్మకాలు లేవు అని చిన్న బోర్డు మాత్రం ప్రతి వాకిట్లో వేలాడుతోంది. 35 మైళ్లయ్యేసరికి సీసాలు ఎండిపోయి, కాళ్లలో సత్తువ ఒక్కసారిగా జారిపోయి, ఒక ఇంటి ముందు చెట్టు నీడన కూలబడ్డాను. ఆ ఇంటి పచ్చికలో ఇరవై దాకా బూడిదరంగు బండ్లు నిలబెట్టి ఉన్నాయి. ఆమిష్ వారికి గుడి కట్టడం లేదు, ప్రార్థన వారం విడిచి వారం ఒక్కొక్కరి ఇంట్లో జరుపుకుంటారు. ఒక కుర్రవాడు నన్ను చూసి లోపలికి వెళ్లి, తాతను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన నా సీసాలు రెండూ నింపించి, రొట్టె మీద వేరుసెనగ వెన్న దట్టంగా రాసి తెప్పించారు. వాళ్లలో వాళ్లు జర్మన్ యాసలో మాట్లాడుకుంటుంటే నేను వింటున్నది గమనించి, “మీ ఇంట్లో ఏం మాట్లాడతారు?” అని అడిగారు. తెలుగు అన్నాను. “పిల్లలకు వస్తుందా?” అని రెండవ ప్రశ్న. నేను నీళ్లు నమిలాను. నాకు ఆ ఎండలో ఏ మిట్టా అంత కష్టంగా తోచలేదు. డబ్బు ఇవ్వబోతే, “ఆదివారం నాడు మేము డబ్బు తీసుకోము” అన్నారు.

దక్షిణ కొండల్లో తిరగాలని ఉండి ఎత్తులకు జంకేవారికి ఒక ఉపాయం ఉంది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ 1906 నాటికి బరువైన గూడ్సు రైళ్ల కోసం కొండలను తవ్వి, లోయలను పూడ్చి, ఇంచుమించు సమతలంగా ఒక మార్గం వేసింది. రైళ్లు ఆగిపోయి పట్టాలు తీసేసిన తరువాత అది నడకకూ సైకిలుకూ బాట అయింది. పేరు ఎనోలా లో గ్రేడ్ ట్రెయిల్. కొనెస్టోగా సస్క్వెహానాలో కలిసేచోట సుమారు 150 అడుగుల ఎత్తున ఉన్న సేఫ్ హార్బర్ ఇనుప వంతెనను 2022లో ప్రజలకు తెరిచారు. దాని మీద నిలబడితే కింద కొనెస్టోగా, పక్కన పెద్ద నది, ఎదుట కొండలు ఒకేసారి కనిపిస్తాయి. బాట కంకరపొడిది కనుక సన్నని టైర్లకు పనికిరాదు, నా 32 మిల్లీమీటర్ల టైర్లకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. గంటసేపు సమతలంగా చెట్ల నడుమ తొక్కితే నాకు కొంత విసుగు పుట్టింది, మిట్టపల్లాలకు శరీరం అలవాటుపడినట్టుంది.

సెప్టెంబరులో నాకు ఎదురైనది మాత్రం ఏ మ్యాపులోనూ లేనిది. జార్జ్‌టౌన్ వైపు పోతుంటే, ఎడమ చేతి పొలంలో నలుగురు అన్నదమ్ముల్లాంటి కుర్రవాళ్లు పొగాకు మొక్కలను మొదలంటా నరికి పడుకోబెడుతున్నారు. ఆ ఆకుల మడత, ఆ జిగురు వాసన దూరం నుంచే తెలిసిపోయాయి. సైకిలు ఆపి గట్టున కూర్చుండిపోయాను. మా ఇంట్లో నాన్నగారు వర్జీనియా పొగాకు పండించేవారు. పండిన ఆకును అడుగు నుంచి విడతలు విడతలుగా కోసి, ఆడవాళ్లు కర్రలకు అల్లితే, బ్యారన్‌లో వేలాడదీసి, కట్టెల మంటతో ఇనుప గొట్టాలను వేడెక్కించి వారం రోజుల్లో పసుపు రంగుకు తెచ్చేవారు. ఆ వారమంతా రాత్రుళ్లు ఆయనకు నిద్ర ఉండేది కాదు. ఇక్కడ మొక్క మొక్కనే కర్రకు గుచ్చి, బండిలో తెచ్చి, కొట్టంలో నేల నుంచి కప్పు దాకా అంతస్తులుగా వేలాడదీస్తారు. నిప్పు లేదు. కొట్టం గోడలకు నిలువు పలకలు కొన్ని కీళ్ల మీద తెరుచుకుంటాయి. ఎండ ఉంటే తెరిచి, చెమ్మగాలి వస్తే మూసి, రెండు మూడు నెలలు గాలికే ఆరనిస్తారు. ఎక్కువగా చుట్టల్లోకి పోయే రకాలకు ఈ ఆరబెట్టే తీరు పనికివస్తుంది. మనుషులు లేకుండా చూసుకుని, తెరిచిన పలకల సందుల్లోంచి వేలాడే ఆకుతో ఉన్న కొట్టాన్ని ఫోటో తీసి ఇంటికి పంపాను. ఆ సాయంత్రమే నాన్నగారి ఫోను వచ్చింది. “ఏరా అబ్బాయ్, బ్యారన్‌కి కిటికీలేమిటి? వేడంతా పోదూ?”

అక్టోబరు చివరి శనివారం తెల్లవారుజామున, చలికి వేళ్లు కొంకర్లు పోతుండగా, 100 కిలోమీటర్ల చుట్టుకు స్ట్రాస్‌బర్గ్ నుంచే బయలుదేరాను. ఊరి బయట, 1832లో అనుమతిపత్రం పొంది నేటికీ ఆవిరి ఇంజన్లతో నడుస్తున్న చిన్న రైలు మార్గం కనిపిస్తుంది. పారడైజ్ దాకా పోయి తిరిగి వస్తుంది. దాని పట్టాలను దాటేటప్పుడు చక్రం ఇరుక్కోకుండా నిలువుగా దాటాలి. మొదటి గంటలోనే మైన్ రిడ్జ్ అనే కొండవరుస ఎక్కి జార్జ్‌టౌన్ చేరాను. కాళ్లు తాజాగా ఉన్నప్పుడే ఆ ఎత్తు ముగించాలని ముందే అనుకున్నాను. అక్కడి నుంచి క్రిస్టియానా. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చినవారిని తిరిగి పట్టుకోవడానికి వచ్చిన మేరీలాండ్ యజమానిని 1851లో నల్లజాతివారు ఎదిరించి నిలిచిన చోటు అది. ఊరు మాత్రం ఆదమరచి నిద్రపోతున్నట్టు ఉంది. గ్యాప్ అనే ఊరి మీదుగా మళ్లీ మైదానంలోకి దిగి, వైట్ హార్స్, న్యూ హాలండ్, హింకిల్‌టౌన్ వరకు పోయేసరికి బండ్లు బూడిదరంగు నుంచి నలుపుకు మారాయి, ఎండ కాస్త వేడెక్కింది. పొలాల్లో మొక్కజొన్న కోత సగం అయింది. ఆరేసి కంచరగాడిదలు లాగే యంత్రాల వెనక దుమ్ము బంగారు రంగులో లేస్తోంది. జూలైలో మూసుకుపోయిన కూడళ్లన్నీ తెరుచుకున్నాయి.

బ్రౌన్స్‌టౌన్ దాటాక ఒకచోట ఫోను కుడికి తిరగమంది. కుడి రోడ్డు నున్నగా, నల్లగా ఉంది. ఎడమ దాని మీద అరిగిన పట్టీ, ఆ ఉదయపు లద్దె. ఎడమకే తిరిగాను. రెండు మైళ్లు చుట్టు అయిందన్న మాట నిజమే గాని, ఆ చుట్టులో ఒక్క కారు రాలేదు. హన్‌సెకర్స్ వంతెన లోపల దిగి, రెండు అరటిపళ్లు, ఇంట్లో చుట్టుకుని వచ్చిన పప్పుచెక్కలు తిన్నాను. తరువాతి ఎత్తును కూర్చునే ఎక్కాను. ఏప్రిల్ నాటి నేనైతే నడిచేవాణ్ణి. బర్డ్ ఇన్ హ్యాండ్ దగ్గర 340వ నంబరు రోడ్డును అడ్డంగా దాటడానికి సందర్శకుల కార్ల మధ్య నాలుగు నిమిషాలు నిలబడవలసి వచ్చింది. స్ట్రాస్‌బర్గ్ చేరేసరికి 63 మైళ్లు, మొత్తం ఎక్కిన ఎత్తు సుమారు 900 మీటర్లు, తొక్కిన సమయం అయిదు గంటలకు కొంచెం పైన. మడ్‌గార్డుల లోపల ఎండిన లద్దెను ఇంటి దగ్గర పుల్లతో గీకి తీయడానికి మరో అరగంట.

కారులో తిరిగి వచ్చేటప్పుడు చుట్టుదారి అయినా జార్జ్‌టౌన్ వైపు పోయి ఆ కొట్టం ముందు ఆగాను. చలిగాలికి పలకలన్నీ మూసి ఉన్నాయి, ఒక్కటి మాత్రం చివర తెరిచి ఉంది. లోపలి ఆకు ఆకుపచ్చ పూర్తిగా విడిచి గోధుమ రంగు తిరిగింది. ఫోటో పంపిన పది నిమిషాలకు, అక్కడ తెల్లవారకముందే, నాన్నగారు ఫోను చేశారు. సైకిలు మీద ఎంత దూరం పోయానో అడగలేదు.

“రంగు చూసి మోసపోకూడదురా. మధ్య ఈనె నొక్కి చూడమను వాళ్లను. అది ఇంకా మెత్తగా ఉండి ఉంటుంది.”